ఫెంటనిల్ మా వీధి దాకా వచ్చింది, మా వాడితో ఎలా మాట్లాడాలి?

ప్లేనో అమ్మ:
అందరికీ నమస్తే. మేము డల్లాస్ దగ్గర ప్లేనోలో ఉంటాం, మా పెద్దవాడు టెన్త్ గ్రేడ్. పోయిన నెల మా వీధి చివరింటి అబ్బాయి నిద్రలోనే చనిపోయాడు. ముందు గుండె ఆగిపోయిందన్నారు, రెండు వారాల తర్వాత తెలిసింది ఫెంటనిల్ అనే బలమైన మత్తుమందు వల్ల అని. మోకాలి నొప్పికని స్నాప్‌చాట్‌లో ఎవరి దగ్గరో పర్కొసెట్ అనే నొప్పి మాత్ర అనుకుని కొన్నాడట, వేసుకున్నది ఒక్కటే మాత్ర. వాడి బాస్కెట్‌బాల్ ఇంకా మా గ్యారేజ్‌లోనే ఉంది, తిరిగి ఇవ్వడానికి చేతులు రావట్లేదు.

2022 చివర్లో పక్కనే కారొల్టన్‌లో స్కూలు పిల్లలు వరసగా ఓవర్‌డోస్ అవుతుంటే వార్తల్లో చూసి అయ్యో అనుకుని ఊరుకున్నాను. ఇప్పుడు రాత్రి మూడింటికి లేచి మా వాడి గది తలుపు తీసి, ఊపిరి తీస్తున్నాడా లేదా అని చూసొస్తున్నాను. మా ఆయనేమో "మనవాడికి అలాంటి అలవాట్లు లేవు, లేనిపోనివి వాడి బుర్రలోకి ఎక్కించకు" అంటున్నారు. మాట్లాడితే ఏమని మొదలుపెట్టాలి? ఓవర్‌డోస్‌కి విరుగుడుగా ముక్కులో కొట్టే నార్కాన్ స్ప్రే ఇంట్లో పెట్టుకోవాలంటే ప్రిస్క్రిప్షన్ కావాలా?

ఎమర్జెన్సీ నర్సు, హ్యూస్టన్:
అక్కా, అలవాటు ఉన్నవాళ్ళే పోతారనుకోవడం దగ్గరే మనవాళ్ళు దెబ్బతింటున్నారు. ఈ నకిలీ మాత్రలు చూడ్డానికి అచ్చం మందుల షాపులోవే, నీలం రంగు, ఒకవైపు ఎమ్ అని, రెండోవైపు 30 అని ఉంటుంది, నేను చేతిలో పట్టుకుని చూసినా తేడా చెప్పలేను. ఫెంటనిల్ హెరాయిన్ కంటే దాదాపు 50 రెట్లు బలమైనది, 2 మిల్లీగ్రాములు చాలు ప్రాణం తీయడానికి, అంటే పెన్సిల్ మొన మీద నిలిచేంత. దొంగతనంగా చేసేవాళ్ళు కొలిచి కలపరు కదా, పిండిలో ఉప్పు సరిగ్గా కలవనట్టే ఒక మాత్రలో ఏమీ ఉండదు, పక్కదాంట్లో చంపేంత ఉంటుంది. 2023లో అమెరికా మాదకద్రవ్యాల నిరోధక సంస్థ డీఈఏ ల్యాబ్‌లో పరీక్షించిన ఫెంటనిల్ నకిలీ మాత్రల్లో పదింటికి ఏడింటిలో ప్రాణాంతకమైన డోసు ఉంది. అందుకే "నా ఫ్రెండ్ వేసుకున్నాడు, వాడికేం కాలేదు" అన్న మాటకి ఇక్కడ విలువ లేదు, మీ అబ్బాయికి ముందు ఇదే చెప్పండి.

నార్కాన్‌కి ప్రిస్క్రిప్షన్ అక్కర్లేదు, 2023 నుంచి ఫార్మసీలో నేరుగా అమ్ముతున్నారు. మనిషి ఎంత లేపినా లేవకపోయినా, పెదాలు నీలంగా మారినా, గొంతులో గురగురమని గురకలా వినిపించినా నిద్రపోతున్నాడులే అని వదిలేయకండి. వెంటనే 911కి ఫోన్ చేసి ఒక ముక్కు రంధ్రంలో స్ప్రే కొట్టండి, 2-3 నిమిషాల్లో ఊపిరి అందుకోకపోతే రెండోది ఇంకో రంధ్రంలో. పొరపాటున వేరే కారణంతో పడిపోయినవాళ్ళకి కొట్టినా హాని చేయదు. లేచి కూర్చున్నా సరే ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సిందే, ఎందుకంటే నార్కాన్ ప్రభావం అరగంట నుంచి గంటన్నరలో తగ్గిపోతుంది, ఫెంటనిల్ ఇంకా ఒంట్లో ఉంటే ఊపిరి మళ్ళీ ఆగిపోవచ్చు.

ఓక్లహోమా నాన్న:
అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్కల్లో మొత్తం ఓవర్‌డోస్ మరణాలు 2023లో లక్ష పైన ఉంటే 2024లో 80 వేల దాకా తగ్గాయి కదండీ, మరీ అంత టెన్షన్ పడాలా?

ఒక బాబాయి:
తగ్గిన మాట నిజమే, కానీ 80 వేలు అంటే ఒక చిన్న పట్నం బాబూ. మా అన్న కొడుకు ఆ లెక్కలోకి వెళ్ళబోయి వెనక్కి వచ్చాడు. బాత్రూమ్‌లో పడిపోతే వాడి రూమ్మేట్ నార్కాన్ కొట్టాడు కాబట్టి ఉన్నాడు. ఆ తర్వాత ఏడాదిన్నర పాటు మా ఇంట్లో ఆ విషయం ఎవరికీ చెప్పలేదు, పరువు పోతుందని, చుట్టాలకి డెంగ్యూ అని చెప్పాం. ఆ ఏడాదిన్నరలో వాడు మళ్ళీ మొదలుపెట్టాడు. చివరికి డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆ అలవాటు మాన్పించడానికి బుప్రెనార్ఫిన్ అనే మందు ఇచ్చారు, రోజూ నాలుక కింద పెట్టుకుంటాడు, ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాడు. మందు వేసుకోవడం ఇంకో వ్యసనం అంటూ మధ్యలో మాన్పించొద్దు, మా వదిన ఒకసారి ఆ పని చేసింది.

అమ్మాయ్, మీ అబ్బాయితో ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడకు, కోర్టులో నిలబెట్టినట్టు ఉంటుంది. కార్లో వెళ్తున్నప్పుడు మాట్లాడు. ఫ్రెండ్ ఎవరైనా పడిపోతే తిడతామేమోనని భయపడకుండా ముందు 911కి, తర్వాత నాకు ఫోన్ చెయ్యి, ఏ టైమైనా సరే, అని చెప్పు. పిల్లలు చాలాసార్లు భయంతోనే ఫోన్ చెయ్యరు.

ప్లేనో అమ్మ:
బాబాయ్ గారూ, నిన్న సాకర్ ప్రాక్టీస్ నుంచి తీసుకొస్తూ మాట్లాడాను. సగం దూరం వాడు కిటికీలోంచే చూశాడు. తర్వాత మెల్లగా, "అమ్మా, స్కూల్లో నన్ను కూడా అడిగారు, నేను వద్దన్నాను" అన్నాడు. కారు పక్కకి ఆపేశాను. నార్కాన్ రెండు పెట్టెలు కొన్నాం, ఒకటి వంటింటి పై అరలో ఉంది, రెండోది వాడి బ్యాక్‌ప్యాక్‌లో పెట్టమని మా ఆయనే అన్నారు.

ఎమర్జెన్సీ నర్సు, హ్యూస్టన్:
మంచి పని చేశారక్కా. ఆ బ్యాగ్ మాత్రం ఎండలో కార్లో వదిలేయొద్దని చెప్పండి, వేడికి మందు పాడవుతుంది. ఆ బాల్ తీసుకుని వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళండి. ఏం మాట్లాడక్కర్లేదు, కాసేపు పక్కన కూర్చుంటే చాలు.