దారా షికోహ్ వెతికినది మతాల సంగమమా, సింహాసనమా?

కృష్ణాతీరం:
షాజహాన్ పెద్ద కొడుకు దారా షికోహ్ కాశీ పండితులను కూర్చోబెట్టుకుని 1657లో యాభై ఉపనిషత్తులను ‘సిర్రె అక్బర్’ పేరుతో పారశీకంలోకి తెచ్చాడు. సరిగ్గా తమ్ముడు ఔరంగజేబుతో వారసత్వ యుద్ధానికి ముందు! రాజపుత్రుల మద్దతు కోసం వేసిన ఎత్తు అనే నేనంటాను.

చరిత్ర విద్యార్థి:
ఎత్తు సంగతి అటుంచండి. ఖురాన్ చెప్పిన ‘దాగిన గ్రంథం’ ఉపనిషత్తులేనని ముందుమాటలో రాశాడు. ఖురాన్ సాక్ష్యం చెబితేనే ఉపనిషత్తుకు విలువా? ఇది సమన్వయం కాదు, కలిపేసుకోవడం.

ఓరుగల్లు పాఠకురాలు:
రాజపుత్రుల కోసమే అయితే ఆ లెక్క ఘోరంగా తప్పింది. ఆంబేర్ రాజు జైసింగ్ ఔరంగజేబు పక్షాన చేరాడు. వస్తానన్న మార్వాడ్ రాజు జస్వంత్ సింగ్ 1659లో అజ్మీరు దగ్గర పోరు నాటికి మొహం చాటేశాడు. పైగా దారా ఆసక్తి అప్పటికప్పుడు పుట్టినది కాదు. ఖాదిరీ అనే సూఫీ శాఖకు చెందిన ముల్లా షాకు శిష్యుడు. 1653లో కందహార్‌లో ఓడి వచ్చి, లాహోరులో బాబా లాల్ అనే సాధువును ప్రశ్నలతో ముంచెత్తాడు. పరువు పోగొట్టుకున్న సేనాపతి చేయవలసిన పనా అది? అతని మనసు ఎక్కడుందో అక్కడే తెలుస్తుంది. సంస్కృతమూ ఆ దర్బారుకు కొత్త కాదు. మన కోనసీమ ముంగండ జగన్నాథునికి ‘పండితరాజ’ బిరుదిచ్చినది షాజహానే.

కలిపేసుకోవడం అన్నారు. దారా రాసిన ‘మజ్మా ఉల్ బహ్రైన్’ (రెండు సముద్రాల సంగమం) చూడండి. సూఫీల నాసూత్, మలకూత్, జబరూత్, లాహూత్ లోకాలను ఉపనిషత్తులు చెప్పే జాగ్రత్, స్వప్న, సుషుప్తి, తురీయ అవస్థల సరసన నిలబెట్టాడు. ఏదీ ఎక్కువ కాదు, ఏదీ తక్కువ కాదు. త్రిమూర్తులను జిబ్రాయీల్, మీకాయీల్, ఇస్రాఫీల్ అనే దైవదూతలతో జతకట్టడం మాత్రం నాకూ అతుకులాగే తోస్తుంది. ఖురాన్‌ను నమ్మే మనిషి మరో గ్రంథానికి ఇవ్వగలిగిన అతిపెద్ద గౌరవం, అది ఖురాన్‌లోనే ఉందనడం. అది మనకు చాలకపోవచ్చు, కానీ అతను తన తల పణంగా పెట్టి ఇచ్చాడు.

చరిత్ర విద్యార్థి:
అదే పుస్తకంలో, ఇది తన కుటుంబం కోసమనీ, రెండు మతాల సామాన్యులతో తనకు పని లేదనీ రాసుకున్నాడు. ఆ సంగమంలో రైతుకు చోటేది?

ఓరుగల్లు పాఠకురాలు:
లేదు, ఆ లోపం నిజమే. కబీరు వీధిలో చేసిన పని దారా కోటలో చేశాడు. అయినా అతని పారశీక ప్రతి నుంచే ఫ్రెంచి పండితుడు ఆంకెతిల్ దుపెరాన్ 1801–02లో లాటిన్ అనువాదం అచ్చువేశాడు. జర్మన్ తత్త్వవేత్త షోపెన్‌హవర్ ఉపనిషత్తులను చదివినది అందులోనే.

కృష్ణాతీరం:
సరే, చదువు నిజమే అనుకుందాం. మరి దారాను చంపించినది ఆ చదువుకేనా?

ఓరుగల్లు పాఠకురాలు:
మతభ్రష్టుడన్న నేరం మోపి ఔరంగజేబు 1659లో చంపించాడు. మతమే అసలు కారణమైతే, ఆ నింద లేని తమ్ముడు మురాద్‌ను 1661లో గ్వాలియర్ కోటలో ఎందుకు చంపించాడు?