తేత్ పండుగకు ముందు ఏ వియత్నామీస్ మాటలు నేర్చుకోవాలి?

మెకాంగ్_తీరం: ఉద్యోగరీత్యా హో చి మిన్ నగరానికి వచ్చాం. చాంద్రమాన కొత్త సంవత్సరం తేత్ దగ్గరపడింది. ఇంటి యజమానురాలు రోజూ పండుగ కబుర్లే చెబుతున్నారు. నాకు వచ్చింది ‘చూక్ మూంగ్ నమ్ మోయ్’ అనే శుభాకాంక్ష ఒక్కటే. ఎక్కడ మొదలుపెట్టాలి?

హనోయి_కోడలు: క్యాలెండరుతో మొదలుపెట్టండి. చివరి నెల ‘థాంగ్ చాప్’, మొదటి నెల ‘థాంగ్ జీంగ్’. చాప్ 23న వంటింటి దేవుడు ఓంగ్ తావ్ చేపనెక్కి స్వర్గానికి వెళ్తాడు. ఆ రోజు మా అత్తగారు బతికున్న చేపలను చెరువులో వదులుతారు. ఏడాది ముగింపు విందు ‘తత్ నియెన్’, కొత్త ఏడాది అడుగుపెట్టే అర్ధరాత్రి ‘జావ్ థువా’. ‘సోంగ్ దత్’ మాత్రం తప్పక తెలియాలి. పండుగనాడు గడప దాటి వచ్చే తొలి అతిథిని బట్టే ఆ ఇంటి ఏడాది ఉంటుందని నమ్మకం, అందుకే ఆ మనిషిని ముందే ఎంచుకుంటారు. పిలవనిదే పొద్దున్నే పొరుగింటికి వెళ్ళకండి.

సైగాన్_వంటిల్లు: అక్కా, ఆయన ఉన్నది దక్షిణంలో. అక్కడ ‘జావ్’ కాదు, ‘యావ్ థువా’. మీ చదరపు పండుగ వంటకం బాన్ చుంగ్ బదులు అరిటాకులో చుట్టిన పొడవాటి బాన్ తెత్ ఉంటుంది. రెండింటిలోనూ జిగురు బియ్యం, పెసరపప్పు, పంది మాంసమే. శాకాహారులైతే ‘చాయ్’ (టీ కాదు, శాకాహారం) అని అడగండి, దొరుకుతుంది. ఇక పూజలో పెట్టే పళ్ళెంలో పళ్ళు చూడండి: సీతాఫలం (మాంగ్ కవ్), కొబ్బరికాయ (యువా), బొప్పాయి (దు దు), మామిడి (స్వాయ్). వరసగా పలికితే ‘కవ్ యువా దు సాయ్’లా వినిపిస్తుంది, అంటే ఖర్చులకు సరిపడా ఇమ్మని ప్రార్థన. ఈ ఒక్క పళ్ళెంతో నాలుగు మాటలూ నోటికొస్తాయి. అరటిపండు మాత్రం పెట్టరు, దాని పేరు కిందికి కూలడాన్ని గుర్తుచేస్తుందట.

హనోయి_కోడలు: మాకైతే పచ్చి అరటి అత్తం లేనిదే ఆ పళ్ళెం నిలవదు, మిగతా పళ్ళన్నీ దాని మీదే పేరుస్తాం!

ఆరు_స్వరాలు: ఒక్క మనవి. ‘త’, ‘థ’ తేడా మనకు పుట్టుకతో వచ్చింది, అది పెద్ద వరం. కానీ తెలుగు లిపిలో రాసుకుంటే స్వరాలు, అంటే మాట అర్థాన్నే మార్చేసే గొంతు ఎత్తుపల్లాలు, జారిపోతాయి. వాళ్ళ అక్షరాల్లోనే, గుర్తులతో సహా రాసుకోండి. యజమానురాలి చేత చెప్పించి ఫోనులో రికార్డు చేసుకుని, విని పలకండి.

మెకాంగ్_తీరం: చాలా సంతోషం. వాళ్ళ పిల్లలకు డబ్బు ఇవ్వాలంటే?

సైగాన్_వంటిల్లు: ‘లీ సీ’ అంటారు. ఎర్ర కవరులో కొత్త నోటు పెట్టి ఇవ్వండి. మీకు ఎవరైనా ఇస్తే రెండు చేతులతో అందుకోండి, వాళ్ళ ఎదుట విప్పకండి.