గెలుపు ఖాయమయ్యాక కూడా స్టార్‌ని ఆడిస్తూనే ఉండాలా?

ఫాస్ట్‌బ్రేక్:
అమెరికా హైస్కూల్ బాస్కెట్‌బాల్ ఫాలో అయ్యేవాళ్లకి ఈ ప్రశ్న. ఒక్కడే మ్యాచ్ మొత్తాన్ని లాగేసుకున్నాడు, గెలుపు ఖాయమైపోయింది. అప్పుడు కోచ్ అతన్ని బెంచ్ మీదకి పిలవాలా, చివరిదాకా ఆడనివ్వాలా?

శుక్రవారం చూసిన మ్యాచ్ వల్ల అడుగుతున్నాను. అందులో స్టార్ అబ్బాయి సీనియర్, అంటే స్కూల్లో ఆఖరి ఏడాది. జట్టులో అందరికన్నా పొడుగు. కానీ చూపు తిప్పుకోనివ్వనిది అతని ఎత్తు కాదు, అడుగులు. ఇద్దరు మీదకొస్తే పాస్ ఇచ్చి నిలబడిపోడు. బంతి చేతిలోంచి వెళ్తుండగానే వాళ్ల వెనక ఖాళీలోకి దూరి, మళ్లీ అందుకుని రింగ్ దగ్గర తేలతాడు. రీబౌండ్‌కి, అంటే రింగుకి తగిలి తిరిగొచ్చే బంతికి, ఎగరకముందే ప్రత్యర్థిని నడుముతో అడ్డుకుని చోటు సంపాదించేస్తాడు. ఆ వయసులో అంత ఓపిక అరుదు. చప్పట్లు కొట్టీ కొట్టీ నా చేతులు ఎర్రబడ్డాయి.

మూడో క్వార్టర్ సగానికే నలభై పాయింట్ల తేడా. అయినా అతను కోర్టులోనే. ఫుల్‌కోర్ట్ ప్రెస్, అంటే అవతలివాళ్లని వాళ్ల సగంలోనే చుట్టుముట్టి బంతి ముందుకు రానివ్వకపోవడం, అది కూడా అలాగే. అవతలి పాయింట్ గార్డ్, అంటే బంతిని నడిపించే ఆటగాడు, దాన్ని సగం కోర్టు దాటించలేక వరసగా పోగొట్టుకున్నాడు.

నా మాట: స్టార్‌ని బెంచ్ మీదకి పిలిచేయాలి. అవతలి జట్టు మీద జాలితో కాదు. వారమంతా ప్రాక్టీసులో ఈ అబ్బాయికి ఎదురు నిలబడి, దెబ్బలు తిని, అతన్ని ఇంత పదునుగా తయారుచేసింది సొంత బెంచ్ మీద కూర్చున్న పిల్లలే. నాలుగో క్వార్టర్ వాళ్లది.

ఆరో ప్లేయర్:
ఒప్పుకోను బ్రదర్. ఆ అబ్బాయికి హైస్కూల్ మ్యాచ్ అంటే 32 నిమిషాలే. కాలేజీ స్కాలర్‌షిప్ వస్తుందా రాదా అన్నది ఆ నిమిషాల మీదే ఉంటుంది. 1960లో వెస్ట్ వర్జీనియాలో బర్న్స్‌విల్ స్కూల్ కోచ్ చేసింది అదే. డానీ హీటర్ అనే కుర్రాడు కాలేజీల కంట్లో పడాలని జట్టంతా బంతి అతనికే ఇచ్చింది. ఒక్క మ్యాచ్‌లో 135 పాయింట్లు! దూరం నుంచి వేసిన బుట్టకి మూడు పాయింట్లిచ్చే త్రీ పాయింట్ లైనే లేని రోజుల్లో. ఆ రికార్డు ఇప్పటికీ చెక్కు చెదరలేదు. ఇంట్లో డబ్బుల్లేని పిల్లాడికి దారి చూపించాలని ఆ కోచ్ తాపత్రయపడితే తప్పేముంది?

ఫాస్ట్‌బ్రేక్:
ఆ కోచ్ మనసుని తప్పుపట్టను. కానీ ఆ మ్యాచ్ స్కోరు 173-43. అంత రికార్డు కొట్టినా హీటర్ ఎన్‌బీఏ దాకా, అంటే అమెరికా ప్రొఫెషనల్ లీగ్ దాకా, వెళ్లలేదు. చేతులెత్తేసిన జట్టు మీద యాభయ్యో బుట్ట వేస్తే కాలేజీ కోచ్‌కి కొత్తగా తెలిసేదేముంది? 2002 డిసెంబర్‌లో, తర్వాత ఎన్‌బీఏ స్టార్ అయిన లెబ్రాన్ జేమ్స్ హైస్కూల్ మ్యాచ్‌ని ఈఎస్‌పీఎన్2 చానల్ లైవ్ ఇచ్చింది గుర్తుందా? ఎదురుగా ఉన్నది ఓక్ హిల్ అకాడమీ, దేశంలోనే గట్టి జట్టు. అలాంటివాళ్ల మీద 31 పాయింట్లు చేశాడు, లెబ్రాన్ స్కూల్ 65-45తో గెలిచింది. పిల్లాడి సత్తా తెలిసేది అలాంటి మ్యాచ్‌లో.

పాత పాయింట్ గార్డ్:
నేను స్కూల్లో ఆడిన రోజుల్లో మా జట్టు ఎక్కువగా ఓడిపోయే జట్టే. అటువైపు నుంచి ఒక మాట చెప్పనివ్వండి. స్టార్ మనమీద మనస్ఫూర్తిగా ఆడితే బాధ ఉండదు. ఒకమ్మాయిని ఆపలేకపోయినా, ఆమె కుడివైపుకే ఎక్కువ వెళ్తుందని కనిపెట్టి ఒక్కసారి బంతి లాక్కున్నాను. ఆ ఒక్కటీ నాకు ఎన్నో గెలుపులతో సమానం. స్టార్‌ని తీసేసి, మిగిలినవాళ్లు షాట్ వేయకుండా పాస్‌లు ఆడుకుంటూ కూర్చుంటేనే ఒళ్లు మండేది.

నలిపేసేది ప్రెస్ అండి. 2009లో డాలస్‌లో అమ్మాయిల మ్యాచ్ ఒకటి 100-0తో ముగిసింది. చాలాసేపు ప్రెస్, త్రీలు ఆపలేదన్నదే చూసినవాళ్ల ఫిర్యాదు. గెలిచిన స్కూలే బహిరంగంగా క్షమాపణ చెప్పింది. చెప్పనన్న కోచ్ ఉద్యోగం పోయింది. 1990లో, తర్వాత పెద్ద స్టార్ అయిన లీసా లెస్లీ ఒక్క హైస్కూల్ మ్యాచ్‌లో 101 కొట్టినప్పుడైతే ఇంకా ఘోరం. సగానికి స్కోరు 102-24. అవతలి జట్టు రెండో సగం ఆడనంది. వాళ్లని పిరికివాళ్లన్నవాళ్లు ఉన్నారు. ఆ కోర్టులో నిలబడితే తెలుస్తుంది. నా లెక్క ప్రకారం స్టార్‌ని ఉంచండి, ప్రెస్ తీసేయండి.

ఆరో ప్లేయర్:
ఇది నాకు ఓకే. ప్రెస్ ఆపమంటే అర్థం ఉంది. ఆడగలిగేవాణ్ని ఆడొద్దనడమే నాకు మింగుడుపడదు.

ఫాస్ట్‌బ్రేక్:
పాయింట్ గార్డ్ గారూ, షాట్ వేయకుండా తిప్పడం గురించి మీరన్నది నిజం. అందుకే బెంచ్ పిల్లలు దిగాలంటున్నాను. వాళ్లకి తిప్పాలని ఉండదు, ప్రతి బంతికీ ప్రాణం పెడతారు. మీకు కావలసిన నిజమైన పోటీ వాళ్ల దగ్గరే దొరుకుతుంది.

ఇంకోటి ఎవరూ అనలేదు. చాలా రాష్ట్రాల్లో రెండో సగంలో తేడా ఒక హద్దు దాటితే గడియారం ఆగకుండా నడుస్తుంది. హద్దు 30, 35, 40 ఇలా రాష్ట్రాన్ని బట్టి. ఓడేవాళ్లకి అది ఊరటే. కానీ ఫౌల్ అయినా, బంతి బయటికెళ్లినా సెకన్లు కరిగిపోతుంటే నాలుగో క్వార్టర్‌లోని ఎనిమిది నిమిషాలు నిజంగా ఎనిమిదే. ఆఖరి రెండు నిమిషాల్లో కోర్టులోకి పంపిన పిల్లాడు చెమట పట్టకముందే బజర్ మోగుతుంది. శుక్రవారం జరిగింది అదే. ఏడాదంతా ప్రాక్టీసుకి వచ్చిన ఒక కుర్రాడు బంతి ముట్టకుండానే ఇంటికెళ్లాడు. అతని అమ్మానాన్నలు నా ముందు వరసలోనే ఉన్నారు.

కోచ్ సీజన్ మొదట్లోనే చెప్పేయాలి: తేడా ముప్పై దాటితే ప్రెస్ ఉండదు, నాలుగో క్వార్టర్ బెంచ్‌ది అని. ముందే తెలిస్తే స్టార్ కూడా అవమానం అనుకోడు.

ఆరో ప్లేయర్:
ముప్పై మరీ తక్కువ. నాలుగు త్రీలు వరసగా పడితే పద్దెనిమిదికి దిగుతుంది, అప్పుడు చల్లబడిన స్టార్‌ని మళ్లీ లేపాలి. గాయాలయ్యేది అలాంటప్పుడే. నలభై అంటే ఆలోచిస్తాను.

పాత పాయింట్ గార్డ్:
ముప్పై అయిదు పెట్టండి. కానీ ప్రెస్ మాత్రం ఇరవైకే ఆపాలి, దాని మీద నేను బేరం ఆడను.