34, 45, 49 అంగుళాలు: కర్వ్‌డ్ అల్ట్రావైడ్ ఓలెడ్ మానిటర్ ఇంట్లో వాడుతున్నవాళ్లు చెప్పండి

నిజాంపేట్ రేసర్

ఇప్పుడు నా దగ్గర ఉన్నది 27 అంగుళాల ఐపీఎస్ (ఎల్‌సీడీ రకం) మానిటర్. ఎక్కువగా ఫోర్జా హొరైజన్ 5, అసెట్టో కోర్సా ఆడతాను, మధ్యమధ్యలో సైబర్‌పంక్ 2077 లాంటి కథ ఉన్న గేమ్‌లు. స్టీరింగ్ వీల్ ఉంది, గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 4070. ఆఫీసు పని సగం రోజులు ఇంటి నుంచే, అదీ ఇదే స్క్రీన్ మీద. బల్ల నాలుగడుగుల వెడల్పు, రెండడుగుల లోతు.

పెద్ద కర్వ్‌డ్ (వంపు తిరిగిన) ఓలెడ్ మానిటర్ కోసం డబ్బు కూడబెట్టాను. షోరూమ్‌లో తిరిగే డెమో వీడియో చూసి అంత డబ్బు పెట్టాలని లేదు. 34 సరిపోతుందా, 45కి వెళ్లాలా, 49 తీసుకోవాలా? రోజూ పని చేస్తే బర్న్-ఇన్ (స్క్రీన్ మీద బొమ్మ ముద్ర పడిపోవడం) వస్తుందా? వాడుతున్నవాళ్లు దయచేసి వివరంగా రాయండి.

సాగరతీరం

విశాఖ నుంచి. నేను వాడేది 49 అంగుళాలది, 5120×1440 పిక్సెళ్లు, 240 హెర్ట్జ్ (సెకనుకు 240 సార్లు బొమ్మ మారుతుంది). రేసింగ్ కోసమే కొన్నాను, ఆ విషయంలో మనసు నిండిపోయింది.

అంగుళాలు చూడకండి, కంటి ముందు ఎన్ని డిగ్రీలు పరుచుకుంటుందో లెక్క వేయండి. 60 సెంటీమీటర్ల దూరంలో కూర్చుంటే 27 అంగుళాల స్క్రీన్ సుమారు 53 డిగ్రీలు, 34 అల్ట్రావైడ్ సుమారు 67, 49 దాదాపు 90. అసెట్టో కోర్సాలో ఎఫ్‌ఓవీని (గేమ్‌లో కనపడే చూపు కోణాన్ని) అసలు దూరానికి తగ్గట్టు సరిచేస్తే 27 మీద అద్దాలు, పక్క కిటికీ కనపడవు. 49 మీద మలుపు లోపలి అంచు కంటికి ఆనుతుంది, పక్కన వచ్చే కారు తల తిప్పకుండానే తెలుస్తుంది. బ్రేక్ ఎక్కడ వేయాలో ఊహించాల్సిన పని తగ్గిపోయింది.

ఓలెడ్ వల్ల వచ్చే లాభం రాత్రి రేసుల్లో. హెడ్‌లైట్ల వెలుగు తప్ప మిగతాదంతా నిజంగా నలుపే. చెట్ల కొమ్మలు వేగంలో కూడా చెదరకుండా ఉంటాయి, పిక్సెల్ రంగు మారడానికి పట్టే సమయం 0.03 మిల్లీసెకన్లు మరి.

ఇక మీ బల్ల. 49 వెడల్పు దాదాపు 120 సెంటీమీటర్లు. నాలుగడుగులంటే 122. స్పీకర్లకు చోటుండదు. కొనేముందు అట్టముక్క అదే కొలతకు కత్తిరించి బల్ల మీద నిలబెట్టి చూడండి.

పిక్సెల్ పంతులు

సాగరతీరం గారు వెడల్పు చెప్పారు, నేను ఎత్తు, అక్షరం గురించి చెబుతాను. చాలామంది ఇక్కడే తికమకపడతారు.

49 అంటే 27 అంగుళాల 1440పీ (నిలువునా 1440 పిక్సెళ్ల) స్క్రీన్లు రెండు పక్కపక్కన పెట్టినట్టే. ఎత్తు 33 సెంటీమీటర్ల పైచిలుకు. 34 అల్ట్రావైడ్ ఎత్తు కూడా అంతే. 45 మాత్రం 44 సెంటీమీటర్ల ఎత్తుంటుంది, అందుకే గేమ్‌లో కూర్చున్న అనుభూతి దానిదే వేరు.

కానీ 45లో రెండు రకాలున్నాయి. 2023లో వచ్చిన ఎల్‌జీ 45జీఆర్95క్యూఈ రిజల్యూషన్ 3440×1440, అంటే అంగుళానికి 83 పిక్సెళ్లే. 34లో అవే పిక్సెళ్లు ఇమిడితే అంగుళానికి 110 పడతాయి. 2025లో వచ్చిన 45జీఎక్స్950ఏ రిజల్యూషన్ 5120×2160, అక్షరం చాలా బాగుంటుంది. అయితే లెక్క చూడండి: 34 అల్ట్రావైడ్‌కి దాదాపు 50 లక్షల పిక్సెళ్లు, 49కి 74 లక్షలు, 4కేకి 83 లక్షలు, ఈ కొత్త 45కి కోటీ పది లక్షలు. 4070 కార్డు 34ని హాయిగా నడిపిస్తుంది. 49 మీద డీఎల్‌ఎస్‌ఎస్ (తక్కువ పిక్సెళ్లతో గీసి పెద్దది చేసే సదుపాయం) తోడు కావాలి. కోటి దాటిన దాని మీద సైబర్‌పంక్ రే ట్రేసింగ్‌తో (వెలుగునీడలను నిజంలా లెక్కకట్టే పద్ధతితో) ఆడాలంటే ఆ కార్డు చాలదు.

మరో ముఖ్యమైన సంగతి తెలుగు అక్షరం. చాలా క్యూడీ-ఓలెడ్ (క్వాంటమ్ డాట్ పొర ఉన్న ఓలెడ్ రకం) పలకల్లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కలు వరసగా కాకుండా త్రికోణంగా ఉంటాయి. విండోస్‌లో అక్షరాలను నునుపుచేసే క్లియర్‌టైప్ వరస అమరికను అనుకుని గీస్తుంది. దాంతో అక్షరం పైఅంచున, కిందిఅంచున సన్నటి రంగు గీత కనపడుతుంది. ఇంగ్లిష్‌లో రెండు రోజుల్లో కన్ను అలవాటు పడుతుంది. మనకు తలకట్టు, ఒత్తు, గుడి అన్నీ సన్నటి వంపులే కాబట్టి చిన్న సైజులో 'ష్ట', 'క్ష్మ' లాంటివి ముద్దగా అనిపిస్తాయి. రోజంతా తెలుగులో చదివి రాసేవాళ్లు 110 పిక్సెళ్ల కంటే తక్కువకు వెళ్లొద్దని నా గట్టి అభిప్రాయం. స్కేలింగ్ 125 శాతం పెట్టి, క్లియర్‌టైప్ ట్యూనర్ ఒకసారి నడిపి, ఫాంట్ సైజు ఒక మెట్టు పెంచండి, చాలా తేడా వస్తుంది.

రాత్రి షిఫ్ట్

బర్న్-ఇన్ గురించి అడిగారు కదా. నేను 34 మీద కోడ్ రాస్తాను, గేమ్‌లూ ఆడతాను. పగలు ఎడిటర్, రాత్రి గేమ్.

ముందు ఇది ఎందుకు వస్తుందో తెలిస్తే భయం తగ్గుతుంది. ఓలెడ్‌లో ప్రతి చుక్కా తన వెలుగు తానే ఇస్తుంది, ఇచ్చినకొద్దీ దాని శక్తి కాస్త కాస్త తగ్గుతుంది. స్క్రీన్ అంతా సమానంగా తగ్గితే మనకు తెలియదు. టాస్క్‌బార్ ఉన్నచోట ఒకలా, పక్కన ఇంకోలా తగ్గితేనే ముద్ర కనపడుతుంది. అంటే మన పని ఒకటే: ఒకే బొమ్మ ఒకే చోట గంటల తరబడి వెలగకుండా చూడటం.

నేను పాటించేవి చెబుతాను. టాస్క్‌బార్ దాచేశాను. డెస్క్‌టాప్ మీద ఐకాన్లు లేవు, వాల్‌పేపర్ నలుపు. ఎడిటర్, బ్రౌజర్ డార్క్ థీమ్‌లో. పని వేళల్లో హెచ్‌డీఆర్ (వెలుగు చీకట్ల తేడా పెంచే మోడ్) ఆపేసి వెలుతురు 120 నిట్స్ (వెలుగు కొలత) దగ్గర్లో పెడతాను, గేమ్ మొదలుపెట్టేటప్పుడు విన్+ఆల్ట్+బి నొక్కితే హెచ్‌డీఆర్ వస్తుంది. మూడు నిమిషాలు ముట్టుకోకపోతే స్క్రీన్ ఆరిపోయేలా పెట్టాను. పిక్సెల్ షిఫ్ట్ (బొమ్మను కొద్దికొద్దిగా జరిపేది) ఎప్పుడూ ఆన్‌లోనే.

అన్నిటికంటే ముఖ్యం పిక్సెల్ రిఫ్రెష్. చాలా మోడళ్లలో మొత్తం వాడకం 4 గంటలు దాటాక, మానిటర్ స్టాండ్‌బైలోకి వెళ్లినప్పుడు అది తనంతట తానే నడుస్తుంది, కొన్ని నిమిషాలు పడుతుంది. చుక్కల్లో వచ్చిన హెచ్చుతగ్గులు కొలిచి సరిచేసేది అదే. మన ఇళ్లలో రాత్రి పడుకునేముందు గోడ స్విచ్ ఆపేయడం అలవాటు. అలా ఆపితే ఆ పని జరగనే జరగదు. మానిటర్‌ని దాని బటన్‌తోనే ఆపండి, గోడ స్విచ్ ఆన్‌లోనే ఉండనివ్వండి. మన దగ్గర ఓలెడ్ కొనేవాళ్లకి అమ్మేవాళ్లు ముందుగా చెప్పాల్సిన మాట ఇది, ఒక్కరూ చెప్పరు.

గోదారి గేమర్

రాత్రి షిఫ్ట్ గారూ, మా ఇంట్లో అమ్మ పడుకునేముందు అన్ని గదుల్లో స్విచ్‌లు చూసుకుంటూ వస్తుంది. వర్షాకాలంలో ఉరుములొస్తే ప్లగ్గులే పీకేస్తుంది. దీనికేం చేయాలి?

రాత్రి షిఫ్ట్

అమ్మ చేసేది సరైనదేనండి, ఉరుముల్లో ప్లగ్ తీయాల్సిందే. దారి ఏమిటంటే, ఆట అయిపోగానే మెనూలోకి వెళ్లి పిక్సెల్ రిఫ్రెష్ మీరే నొక్కండి. పళ్లు తోముకుని వచ్చేలోపు అయిపోతుంది. ఆ తర్వాత స్విచ్ ఆపినా పర్వాలేదు. చాలా వాటిలో ముందున్న చిన్న లైటు రంగు మారుతుంది లేదా మినుకుమంటుంది, దాన్ని అమ్మకి చూపించి "ఇది ఆగాక ఆపు" అని చెప్పండి. మధ్యలో కరెంటు పోయినా కంగారు పడక్కర్లేదు, తర్వాత మళ్లీ నడపొచ్చు. యూపీఎస్ ఉంటే మరీ మంచిది.

ఇది కాక పెద్ద ప్యానెల్ రిఫ్రెష్ ఒకటుంటుంది, గంట దాకా పడుతుంది. మానిటర్ తానుగా అడిగినప్పుడే చేయండి. ఊరికే పదేపదే చేస్తే ప్యానెల్ అరుగుతుంది.

గుంటూరు ఘాటు

నేను చెప్పేది వీఆర్ఆర్ (గేమ్ ఫ్రేమ్‌లకు తగ్గట్టు స్క్రీన్ హెర్ట్జ్ మారడం) వల్ల వచ్చే ఫ్లికర్ గురించి. ఓలెడ్ తెచ్చుకున్న కొత్తలో లోడింగ్ స్క్రీన్ మిణుకుమంటుంటే పీస్ పాడైందనుకుని వెనక్కి పంపేవాళ్లు ఉన్నారు. పంపకండి. గరిష్ఠ హెర్ట్జ్ దగ్గర చీకటి రంగులు సరిగ్గా ఉండేలా ప్యానెల్‌ని కుదురుస్తారు. ఫ్రేమ్‌లు 200 నుంచి 60కి పడి మళ్లీ లేస్తే ఆ బూడిద రంగుల వెలుగు కూడా మారుతుంది, కంటికి మిణుకులా తోస్తుంది. ఫ్రేమ్‌లు నిలకడగా ఉండేలా పరిమితి పెట్టండి: గేమ్ 90 నుంచి 130 మధ్య ఊగుతుంటే 90 దగ్గర కట్టేయండి. చీకటి ఎక్కువున్న హారర్ గేమ్‌కి వీఆర్ఆర్ పూర్తిగా ఆపేసి ఆడతాను నేను.

గేమ్‌ల సంగతి కూడా చూసుకోవాలి. ఫోర్జా, సైబర్‌పంక్, ఫ్లైట్ సిమ్యులేటర్ అల్ట్రావైడ్‌లో అద్భుతం. ఎల్డెన్ రింగ్ రెండు పక్కలా నల్లపట్టీలతో, 60 ఫ్రేమ్‌లకు పరిమితమై వస్తుంది. మోడ్ వేస్తే పట్టీలు పోతాయి కానీ యాంటీ-చీట్ ఆపాలి కాబట్టి ఆన్‌లైన్ ఆడలేం. వాలరంట్‌లో అందరికీ ఒకే చూపు ఉండాలని పక్కల అదనంగా ఏమీ చూపించరు. పీఎస్5 అల్ట్రావైడ్ ఇవ్వదు, 2022 నుంచి 1440పీ ఇస్తుంది, మధ్యలో 16:9 (మామూలు టీవీ ఆకారం) బొమ్మ వస్తుంది. వాలరంట్, పీఎస్5 మీ ప్రధాన వాడకమైతే ఈ ఆకారం కొనకండి, 27 లేదా 32 ఓలెడ్ తీసుకోండి.

ఓరుగల్లు వాసి

అన్నలు మంచిగ చెప్పిన్రు. నేను గది సంగతి చెప్త. మా హాల్‌ల పడమర దిక్కు పెద్ద కిటికి ఉంది. పొద్దు గూకే ముందు ఎండ సక్కగ స్క్రీన్ మీద పడ్తది. క్యూడీ-ఓలెడ్‌ల పోలరైజర్ (బయటి వెలుతురు తిరిగి మెరవకుండ ఆపే పొర) ఉండదు, వెలుతురు పడితే నలుపు కాస్త ఊదా-బూడిద రంగుకు తిరుగుతది. డబ్ల్యూ-ఓలెడ్‌ల (తెల్ల వెలుగుతోని నడిచే ఇంకో రకం) ఆ తిప్పలు తక్కువ. గదిల లైటు, ఎండ ఎక్కువుంటే అది సూడు. చీకటి చేసుకోని ఆడేటోనివైతే క్యూడీ-ఓలెడ్ రంగులకు సాటి లేదు. నేను మందం పర్ద ఏసిన, స్క్రీన్ కిటికికి అడ్డంగ తిప్పిన, ఇప్పుడు బ్రహ్మాండంగ ఉంది.

తుడిచేటప్పుడు పైలం. దుమ్ము ముందుగాల ఊదాలె, తర్వాత మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ, డిస్టిల్డ్ నీళ్లు జరంత. అద్దాలు తుడిచే స్ప్రే అస్సలు వద్దు, పైపూత పోతది.

డల్లాస్ నుంచి

ఇక్కడ సేల్‌లో ధర తక్కువ చూసి "వచ్చేటప్పుడు ఒకటి పట్టుకురా" అని తమ్ముళ్లు అడుగుతుంటారు. ప్రేమగా చెబుతున్నా, వద్దు. ఎకానమీ చెకిన్ పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు దాటకూడదు, 34 పెట్టెకే ఆ హద్దు సరిపోదు. వంపు తిరిగిన పలుచని ప్యానెల్ విమానం సరుకులో ఎలా విసురుతారో మన చేతుల్లో లేదు. కస్టమ్స్ వేరే. అన్నిటికంటే పెద్ద చిక్కు వారంటీ. అమెరికాలో కొన్నదానికి హైదరాబాద్‌లో బర్న్-ఇన్ వారంటీ నడుస్తుందని రాతపూర్వకంగా ఉంటే తప్ప నమ్మొద్దు.

2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలు దాటిన మానిటర్ల మీద జీఎస్‌టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది కదా. అక్కడే బిల్లుతో కొనుక్కోండి. వారంటీ కాగితంలో 'బర్న్-ఇన్' అన్న మాట ఉందా, ఎన్నేళ్లు, ఇంటికొచ్చి మారుస్తారా అన్నవి చదివాకే డబ్బు కట్టండి.

సాగరతీరం

సినిమా గురించి ఎవరూ రాయలేదు. 34 అల్ట్రావైడ్ 3440×1440 అంటే వెడల్పు-ఎత్తుల నిష్పత్తి 2.39:1. మన సినిమాస్కోప్ బొమ్మ అంచు నుంచి అంచుకు కూర్చుంటుంది. కొన్ని యాప్‌లలో, యూట్యూబ్‌లో పైనా కిందా నల్లపట్టీలు వీడియోలోనే కలిపేసి ఉంటాయి, అప్పుడు నాలుగు వైపులా నలుపు వస్తుంది. బ్రౌజర్‌లో జూమ్ చేసే ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే పోతుంది. 49 వాళ్లకి మాత్రం సినిమాకి పక్కల ఖాళీ తప్పదు.

క్రికెట్ దగ్గర జాగ్రత్త. టీ20 మొత్తం అడుగున స్కోరు పట్టీ ఒకేచోట ఉంటుంది. న్యూస్ ఛానళ్ల ఎర్ర బ్రేకింగ్ పట్టీ, మూల లోగో ఇంకా చెడ్డవి. ఆ రెండూ టీవీలో చూడండి.

నిజాంపేట్ రేసర్

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. అట్టముక్కలు కత్తిరించి పెట్టి చూశాను. 49 పెడితే వీల్ క్లాంప్‌కి చోటు లేదు. 4070, ఆఫీసు పని, సినిమాలు అన్నీ కలిపి చూస్తే 34 క్యూడీ-ఓలెడ్ 1800ఆర్ (1800 మిల్లీమీటర్ల వ్యాసార్థపు వంపు) దగ్గర ఆగాను. 45లో 800ఆర్ వంపు కూడా ఒకసారి చూశాను, ఎక్సెల్ షీట్ గీతలు వంగి కనపడ్డాయి. ఇంకొక్క సందేహం. బల్ల లోతు రెండడుగులే, స్టాండ్ కాళ్లు సగం తినేస్తాయి. ఆర్మ్ (బల్లకు బిగించి మానిటర్‌ని మోసే చేయి) పెట్టొచ్చా?

పిక్సెల్ పంతులు

పెట్టొచ్చు, పెట్టాలి కూడా. ఆర్మ్ మీద రాసిన బరువు పరిమితి కంటే మీ ప్యానెల్ బరువు బాగా తక్కువ ఉండేలా చూడండి. కర్వ్ వల్ల బరువు ముందుకు తూగుతుంది, సరిగ్గా పరిమితి దగ్గరున్న ఆర్మ్ కొన్నాళ్లకి తల వాల్చేస్తుంది. మానిటర్ వెనక ఆర్మ్ బిగించే వెసా (VESA) రంధ్రాలు 100×100 మిల్లీమీటర్లు అవునో కాదో చూసుకోండి. బల్ల పార్టికల్ బోర్డుదైతే క్లాంప్ కింద, పైన చిన్న ఇనుప పలక వేయించండి, లేకపోతే నొక్కుకుపోతుంది. ప్లైవుడ్ 18 మిల్లీమీటర్లదైతే నిశ్చింత. బల్లని గోడ నుంచి కాస్త ముందుకు జరపండి, ఆర్మ్ మోచేయికి వెనక చోటు కావాలి.