మెడికల్ బోర్డు 30 శాతం వైకల్యం రాసి, సర్వీసుతో సంబంధం లేదంది: రెండో అప్పీలులో ఏం రాయాలి?

ప్రశ్న (మాజీ హవల్దారు, శ్రీకాకుళం జిల్లా):
నేను 2022లో సైన్యం నుంచి రిటైరయ్యాను. విడుదలకు ముందు మెడికల్ బోర్డు నాకు రక్తపోటు వల్ల జీవితాంతం 30 శాతం వైకల్యం ఉందని రాస్తూనే, అది సర్వీసు వల్ల వచ్చినదీ కాదు, సర్వీసులో ముదిరినదీ కాదని తేల్చడంతో వైకల్య పింఛను మంజూరు కాలేదు. మొదటి అప్పీలును కూడా 'పీస్ స్టేషనులో (సరిహద్దుకు దూరంగా ఉన్న ప్రశాంత పోస్టింగులో) మొదలైన జబ్బు' అన్న ఒక్క వాక్యంతో ఈ మధ్యనే తిరస్కరించారు. శాతాన్ని 50కి పెంచమని కోరాలా? నేరుగా సాయుధ దళాల ట్రిబ్యునలుకు వెళ్లవచ్చా?

మాజీ సుబేదారు, కడప:
తమ్ముడూ, శాతం జోలికి పోవద్దు. వైకల్యం 20 శాతమో అంతకు పైనో ఉండి, సర్వీసుతో సంబంధం ఒప్పుకుంటే, 50 లోపున్నదాన్ని పింఛను లెక్కలో 50గానే తీసుకుంటారు. పూర్తికాలం పనిచేసి రిటైరైనవారికీ ఇది వర్తిస్తుందని 2014లో రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి వాదనంతా ఆ సంబంధం మీదే నడవాలి. చేరేనాటి పత్రాల్లో లేని జబ్బు తర్వాత బయటపడితే అది సర్వీసు వల్లనేనని భావించాలనీ, కాదనేవారు కారణాలు నమోదు చేయాలనీ 2013 నాటి ధరమ్‌వీర్ సింగ్ తీర్పు. మీకు వచ్చిన ఆ ఒక్క వాక్యం కారణం కాదు, జబ్బు ఎప్పుడు, ఎక్కడ మొదలైందన్న నమోదు మాత్రమే. ఆ నమోదునూ నమ్మకండి: ఆసుపత్రిలో చేర్చిన రోజునే జబ్బు మొదలైనట్టు రాయడం మామూలే. సమాచార హక్కు దరఖాస్తుతో వైద్య పత్రాలన్నీ తెప్పించుకొని, బీపీ ఎక్కువగా ఉందని మొదటిసారి ఎక్కడ, ఏ పోస్టింగులో రాశారో వెతకండి.

న్యాయవాది, విశాఖపట్నం:
సుబేదారు గారి మాటతో ఏకీభవిస్తున్నాను. ట్రిబ్యునలు సాధారణంగా ముందు ఉన్న మార్గాలన్నీ వాడుకోమంటుంది గనుక, తిరస్కరణ అందిన ఆరు నెలల్లోపు రెండో అప్పీలు వేయండి. దానిపై ఆరు నెలలైనా నిర్ణయం రాకపోతే 2007 నాటి చట్టం ప్రకారం సాయుధ దళాల ట్రిబ్యునలు చెన్నై బెంచికి వెళ్లవచ్చు. ఆలస్యం చేస్తే బకాయిలను, 2008 నాటి తర్సెమ్ సింగ్ తీర్పును అనుసరించి, దావాకు ముందు మూడేళ్లకే పరిమితం చేసే అవకాశం ఉంది. మీరు 2022లోనే రిటైరయ్యారు కనుక 2023 సెప్టెంబరు 21 నుంచి వచ్చిన వైకల్య పింఛను కొత్త నిబంధనలు మీకు వర్తించవని అప్పీలులో స్పష్టంగా రాయండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు సాబ్, వకీలు గారూ. నా దగ్గరున్న పాత ఎం.ఐ. రూం (యూనిట్ వైద్య పరీక్ష గది) పుస్తకంలో, జమ్మూ కాశ్మీరు సరిహద్దులోని రాజౌరీలో ఉన్నప్పుడే బీపీ 150/100 అని డాక్టరు రాసి ముద్ర వేశారు. బోర్డు చెప్పిన పీస్ స్టేషనుకు నేను ఆ తర్వాతే వెళ్లాను. ఆ పేజీ నకలును అప్పీలుకు జతచేసి, మిగిలిన పత్రాల కోసం రికార్డు ఆఫీసుకు సోమవారం దరఖాస్తు పంపిస్తాను.