తోలుబొమ్మలాట చిత్రీకరణకు ఆన్‌లైన్‌లో నిధుల సేకరణ: ఏ దారి మంచిది?

ప్రశ్న: గౌతమి పాయ (ద్రాక్షారామం)

సభ్యులకు నమస్కారం. కాకినాడకు దగ్గరలోని మాధవపట్నంలో తరతరాలుగా తోలుబొమ్మలాడించే కుటుంబాలు ఉన్న సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఉత్సవాల్లోనూ వార్షికోత్సవాల్లోనూ వారికి ఇప్పుడు దొరుకుతున్నది అరగంట, మహా అయితే గంట సమయం. అందువల్ల పొద్దుపోయాక మొదలై కోడికూసే వేళకు ముగిసే పూర్తి ఆటను చూసినవారు మా తరంలో అరుదు. అలాంటి ఒక పూర్తి రాత్రి లంకాదహనం ఆటను ఎక్కడా కత్తిరించకుండా చిత్రీకరించి అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచాలనీ, దానితోపాటు ఒక చిన్న ఛాయాచిత్రాల పుస్తకం అచ్చువేయాలనీ మేము కొందరు మిత్రులం సంకల్పించాం. కళాకారుల పారితోషికం, మూడు కెమెరాలు, శబ్దగ్రహణం, ఎడిటింగ్, అచ్చు అన్నీ కలిపి 6 లక్షల రూపాయలు అవుతాయని అంచనా వేశాం.

ఈ మొత్తాన్ని క్రౌడ్‌ఫండింగ్ ద్వారా, అంటే ఆన్‌లైన్‌లో చాలామంది నుంచి కొద్దికొద్దిగా, సేకరించాలని ఉంది. అమెరికా నిధుల సేకరణ వేదిక అయిన కిక్‌స్టార్టర్‌లో పెట్టమని ఒకరు, అమెరికాలో ఉన్న బంధుమిత్రుల చేత నేరుగా నా ఖాతాలో వేయించుకోమని మరొకరు, యూట్యూబ్ ఆదాయంలో వాటా ఇస్తామని ప్రకటిస్తే జనం త్వరగా ముందుకొస్తారని ఇంకొకరు చెబుతున్నారు. అనుభవం ఉన్నవారు దారి చూపగలరు.

జవాబు: అచ్చుతప్పు (పాలకొల్లు)

కిక్‌స్టార్టర్ సంగతి ముందు తేల్చేద్దాం. భారతదేశంలో ఉంటున్నవారు అందులో డబ్బు ఇవ్వగలరే గాని సొంతంగా ప్రాజెక్టు పెట్టలేరు. ప్రాజెక్టు పెట్టడానికి ఆ సంస్థ అనుమతించే దేశాల జాబితాలో మనది లేదు. అయితే దాని పద్ధతి తెలుసుకోదగినదే. లక్ష్యం పూర్తిగా చేరితేనే దాతల నుంచి డబ్బు తీసుకుంటారు, ఒక్క రూపాయి తగ్గినా ఎవరి డబ్బూ కదలదు. 4 లక్షలతో సగం చిత్రం తీసి చిక్కుకుపోయే ప్రమాదం అందులో ఉండదు. మన దేశంలోని కెట్టో, మిలాప్ వంటి వేదికల్లో ఎక్కువగా కనిపించేవి వైద్య ఖర్చుల విజ్ఞప్తులు. పసిబిడ్డ శస్త్రచికిత్స పక్కన మన బొమ్మలాట కనబడితే చూసేవారి చేయి ఎటు వెళుతుందో చెప్పనక్కర లేదు, అటు వెళ్లడమే న్యాయం కూడా.

నా అభిప్రాయంలో వేదిక కన్నా ముందు ఆలోచించవలసినది జనం గురించి. 1976 నాటి ‘మంథన్’ చిత్రానికి గుజరాత్‌లో 5 లక్షల మంది పాడిరైతులు తలా 2 రూపాయలు ఇచ్చారని అందరం గొప్పగా చెప్పుకుంటాం గాని, వారంతా అప్పటికే పాల సహకార సంఘాల్లో సభ్యులన్న సంగతి మరచిపోతాం. అక్కడ జనాన్ని కొత్తగా పోగుచేయవలసిన పని లేకపోయింది. కనుమనాడు కోనసీమలోని జగ్గన్నతోటకు, వెదురుతో కట్టి అలంకరించిన ప్రభలను ఊళ్లవారు మోసుకొచ్చే ప్రభల తీర్థానికి, చందా రాసేవారు కూడా అంతే. ప్రభ తమ ఊరిది, కట్టేవారు తమవారు, రేపు భుజాన మోసేదీ తామే. ఇంటర్నెట్‌లో మీ పేజీ చూసే అపరిచితుడికి ఇవేవీ ఉండవు. కాబట్టి మొదటి 2 లక్షలు మీకు తెలిసినవారి నుంచే వస్తాయని పేర్లతో సహా రాసుకోగలిగినప్పుడే ప్రకటన చేయండి. ఖాళీగా ఉన్న పేజీకి అపరిచితులు ముందుగా ఇవ్వరు.

జవాబు: చిట్టాపద్దు (రాజమహేంద్రవరం)

వృత్తిరీత్యా పన్ను లెక్కలు చూస్తుంటాను కనుక ఆ వైపు నుంచి రాస్తున్నాను. మీకు వచ్చే డబ్బు విరాళమా, పుస్తకానికి ముందస్తు వెలా, పెట్టుబడా అన్నది మొదట తేల్చుకోవాలి. మీ మూడు సందేహాలకూ జవాబు అందులోనే ఉంది.

విరాళమైతే, అది మీ సొంత ఖాతాలో పడుతుంది గనుక, బంధువులు కానివారి నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో అందిన కానుకల మొత్తం 50,000 రూపాయలు దాటిన క్షణంలో దాటినంత మేరకే కాక మొత్తమంతా మీ ఆదాయంగా లెక్కకు వస్తుంది. ఇచ్చినవారికి 80జీగా పేరుపడిన ఆదాయపు పన్ను రాయితీ కూడా రాదు, ఎందుకంటే అది ఆ ఆమోదం పొందిన సంస్థలకు ఇచ్చినప్పుడే వర్తిస్తుంది. ఇప్పటికే నమోదై ఉన్న సాంస్కృతిక సంస్థ ఏదైనా మీ పనిని తన కార్యక్రమంగా స్వీకరిస్తే ఈ రెండు చిక్కులూ చాలావరకు తొలగుతాయి.

అమెరికా డబ్బు విషయంలో ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. విదేశాల్లో ఉన్నా భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం దృష్టిలో విదేశీయుడే. సాంస్కృతిక కార్యక్రమానికి అలాంటివారి విరాళం తీసుకోవాలంటే ఆ చట్టం కింద నమోదు గాని ముందస్తు అనుమతి గాని ఉండాలి. మామిడికుదురులో పుట్టాడనో, సంక్రాంతికి ఏటా వస్తాడనో చట్టం మినహాయింపు ఇవ్వదు. అయితే వస్తువుకు మామూలు వ్యాపార పద్ధతిలో చెల్లించే ధర విరాళం కిందకు రాదు. పుస్తకం ప్రతిని దాని వెలకు అమ్మి రసీదు ఇవ్వడం వేరు, 400 రూపాయల పుస్తకానికి 40,000 తీసుకోవడం వేరు. రెండవదాన్ని అమ్మకమని ఎవరూ ఒప్పుకోరు.

ఆదాయంలో వాటా అనే మాటను మీ ప్రకటనలోంచి పూర్తిగా తీసేయండి. లాభం చూపి ప్రజల నుంచి డబ్బు వసూలు చేయడం పెట్టుబడుల చట్టాల పరిధిలోకి పోతుంది. కంపెనీ వాటాలను ఇంటర్నెట్‌లో ఇలా అమ్మిపెట్టే వేదికలకు అనుమతి లేదని స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2016లోనే హెచ్చరించింది. తిరిగి ఇస్తామని డబ్బు తీసుకుంటే 2019 నాటి అనియంత్రిత డిపాజిట్ పథకాల నిషేధ చట్టం కూడా గుర్తుపెట్టుకోవాలి. పైగా తెల్లవార్లూ సాగే బొమ్మలాటకు యూట్యూబ్‌లో వచ్చే ఆదాయమెంత, అందులో వాటా ఎంత!

గౌతమి పాయ (ద్రాక్షారామం)

ఇద్దరికీ కృతజ్ఞతలు. పుస్తకం ముందస్తు అమ్మకం చుట్టూనే పథకాన్ని మళ్లీ అల్లుతున్నాం. చిత్రీకరణ ఖర్చు కోసం ఒక సాంస్కృతిక సంస్థను అడుగుతాం. దాతలకు బహుమతిగా చిన్న తోలుబొమ్మలు ఇస్తే బాగుంటుందా?

జవాబు: తెరవెనుక (కాకినాడ)

బొమ్మల విషయంలో తొందరపడకండి. మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు పోయేలా గీకి, వెలుగు అవతలికి కనబడేంత పలుచన చేసి, ఆరబెట్టాకే గీతలు గీయడం, నగల చోట సన్నని చిల్లులు కొట్టడం, రెండువైపులా రంగు వేయడం మొదలవుతాయి. వంద బొమ్మలు ఇస్తామని మీరు మాట ఇస్తే ఆ చాకిరీ అంతా పడేది కళాకారుల ఇంటి మీద. వారు ఎన్ని చేయగలరో, ఎంత ధరకు చేస్తారో వారినే అడిగి, ఆ సంఖ్య దగ్గరే ఆపేయండి. ఆ ధరలో బేరమాడకండి.

చిత్రం హక్కులు ఎవరివో చిత్రీకరణకు ముందే తెలుగులో కాగితం మీద రాసుకోవాలి. ఉచితంగా అందరికీ పెడతామన్నది మీకు ఉదారంగా కనిపించవచ్చు గాని, ఆట మొత్తం ఫోన్‌లో దొరికాక తమను పిలిచేవారు తగ్గుతారేమోనన్న భయం వారికి ఉండడం సహజం. పేజీలో వారిని సంప్రదించే మార్గం, వారికి ఇష్టమైతేనే, చిత్రం కన్నా పైన కనబడేలా పెట్టండి. పారితోషికం కూడా సేకరణ ఫలితంతో ముడిపెట్టకుండా ఆట ముగిసిన ఉదయమే చెల్లించాలి.

ఒక సాంకేతిక విషయం. తెర వెనుక ఇప్పుడు ఆముదం దీపాలకు బదులు కరెంటు బల్బులే వాడుతున్నారు. మన కరెంటు 50 హెర్ట్జ్ గనుక కెమెరా షట్టర్ వేగాన్ని సెకనులో 50వ వంతు దగ్గరో 100వ వంతు దగ్గరో ఉంచకపోతే తెర అంతా మిణుకుమిణుకుమంటూ రికార్డు కావచ్చు. మరొక మైకును కళాకారుల కాళ్ల దగ్గర పెట్టించండి. యుద్ధ ఘట్టాల్లో చెక్కబల్లల మీద వారు వేసే అడుగుల చప్పుడు ముందున్న మైకుకు సరిగా అందదు. రెండు నిమిషాల పరిచయ వీడియోకు ఆ చప్పుడూ, ఆటలో నవ్వించే పాత్రలైన కేతిగాడు, బంగారక్కల ఒక చిన్న ముక్కా చాలు. మీరెవరూ కుర్చీలో కూర్చుని ప్రసంగించవలసిన అవసరం లేదు.

జవాబు: చిట్టాపద్దు (రాజమహేంద్రవరం)

పుస్తకమన్నారు గనుక మరొక మాట: అచ్చు పుస్తకాలపై జీఎస్టీ లేదు. ఆన్‌లైన్ చెల్లింపులను మీ ఖాతాకు చేర్చే సంస్థ తీసుకునే గేట్‌వే రుసుము సాధారణంగా 2 శాతం, దాని మీద 18 శాతం పన్ను ఉంటాయి; ఆ ఖర్చు మీ 6 లక్షల అంచనాలో కనబడలేదు. విదేశాలకు పంపే ప్రతుల తపాలా ఖర్చును విడిగా వసూలు చేయండి. లేదా సంక్రాంతికి ఊరికి వచ్చేవారు ఇక్కడే తీసుకునే ఏర్పాటు చేసి, నవంబరులోగా అచ్చు పూర్తి చేసుకోండి.