ప్లేటింగ్ షాపులో క్రోమ్ మడ్డి తగ్గే దారి ఉందా?

ప్రశ్న (తణుకు నుంచి):
నాన్న పెట్టిన చిన్న ప్లేటింగ్ షాపు మాది. మోటారు సైకిల్ సామాన్లకు, గొళ్లేలకు నికెల్, క్రోమ్ పూత వేస్తాం. కడిగిన నీళ్లకు మందు కలిపి, అడుగున దిగిన మడ్డిని ఆరబెట్టి సంచులకెత్తుతాం. అది ప్రమాదకర వ్యర్థం. 90 రోజులు దాటి షాపులో ఉంచకూడదు, విశాఖ దగ్గర పరవాడలో ఇలాంటి వ్యర్థాలను శుద్ధిచేసి పూడ్చే కేంద్రానికి పంపాలి. లారీ కిరాయికే నడ్డి విరుగుతోంది. పంపకుండా ఉండలేను. షాపు వెనకే పంట బోదె, పది అడుగులు తవ్వితే నీళ్లు. కాలువలు కట్టేసిన రోజుల్లో వీధి మొత్తానికి బోర్లే దిక్కు. మడ్డే తక్కువ తయారయ్యేలా చేయగలమా?

జవాబు (రామచంద్రపురం, పాతికేళ్లుగా ఇదే పని):
బాబూ, రేపు పొద్దున మీ వాళ్లు సామాను క్రోమ్ తొట్టిలోంచి తీశాక, కడుగు తొట్టిలో ముంచడానికి ఎన్ని క్షణాలు ఆగుతున్నారో లెక్కపెట్టండి. మా దగ్గర మూడు ఉండేది. కొక్కెం నుంచి ఎర్రటి ధార ఇంకా కారుతుండగానే నీళ్లలో పడేది. మీరు సంచులకెత్తేది ఆ ధారనే! క్రోమ్ తొట్టి మీద అడ్డంగా పీవీసీ గొట్టం కట్టి, పదిహేను లెక్కపెట్టే దాకా వేలాడదీయండి. గుంట ఉన్న సామానును బోర్లించి కట్టండి.

తర్వాత వెంటనే పారే నీళ్లలో కడగకండి. ముందు ఒక నిలవ నీళ్ల తొట్టిలో ముంచండి. క్రోమ్ తొట్టిలో వేడికి ఆవిరైనంత మేర ఆ పసుపు నీళ్లనే తిరిగి దాంట్లో పోసుకోవచ్చు. నిలవ తొట్టిలో బోరు నీళ్లు మాత్రం వద్దు. మన ఉప్పు బోర్లతో నేను ఒక తొట్టి మొత్తం పాడుచేసుకున్నాను. ఆర్వో నీళ్లే పోయండి. నికెల్‌కు వేరే తొట్టి, వేరే మడ్డి. రెండూ కలపవద్దు.

జవాబు (కాకినాడ, రసాయన ప్రయోగశాల):
మందు కూడా కొలిచి వేయండి. పీహెచ్ 2, 3 మధ్య ఉంచి, పసుపు పోయి ఆకుపచ్చ తిరిగే వరకే మెటాబైసల్ఫైట్ వేయండి. తర్వాత మడ్డి దిగడానికి సున్నం బదులు కాస్టిక్ సోడా వాడితే మడ్డి తగ్గుతుంది, కాకపోతే నెమ్మదిగా దిగుతుంది. పసుపు ఉండగా చెంబెడు నీళ్లు కూడా బోదెలోకి పోనివ్వకండి. అది క్యాన్సర్ తెచ్చే హెక్సావేలెంట్ క్రోమియం.

ఏడాదికి పది టన్నుల లోపు వ్యర్థం వచ్చేవారికి గడువును 180 రోజుల దాకా పొడిగించే వీలు 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో ఉంది. కాలుష్య నియంత్రణ మండలికి రాసి అడగండి.

ప్రశ్న అడిగినవారు:
లెక్కపెట్టాను. రెండే క్షణాలు. గొట్టం ఈరోజే కట్టించాను. పదిహేను లెక్కపెడితే పని సాగదని నాన్న అంటున్నారు.

రామచంద్రపురం:
మూడు కొక్కేలు కారుతుండగా నాలుగోది ముంచమనండి. ఒక్క పూట ఆయన్నే తొట్టి దగ్గర నిలబడి చూడమనండి.